నన్నే పిలిచారు

ఆ పెద్దాసుపత్రిలో లిఫ్ట్ ఆగిపోతే అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "మేస్త్రీని పిలవండి!" మేస్త్రీ అంటే నలభైకి దగ్గర పడుతున్న బక్కపలచటి మనిషి. పలచటి మీసం, పొదుపైన మాట. పైన మోటారు గదిలోకి వెళ్లి, బ్రేకు వదులు చేసి, చక్రం చేత్తో తిప్పి, మధ్యలో వేలాడుతున్న లిఫ్ట్‌ను మెల్లగా అంతస్తు దగ్గరికి దింపుతాడు. లోపల ఎంత పెద్ద డాక్టరు ఇరుక్కుని అరుస్తున్నా ఆయనకు తొందరుండదు. బయటపడ్డవాళ్లు దణ్ణం పెడితే మాత్రం సిగ్గుపడి మెట్లెక్కి పోతాడు.

పుట్టినప్పుడు ఆయన్ని ఆడపిల్ల అన్నారు. ఆ మాట ఆయనకు ఏనాడూ అతకలేదు. ఆ సంగతి బయటపెట్టినందుకు ఇంట్లో తిన్న తన్నులు ఇక్కడ ఏకరువు పెట్టడం దండగ. మీసాలు రాని వయసులోనే కట్టుబట్టలతో గడప దాటి, ఎవరూ ఎరగని ఈ ఊరు చేరి, మగవాడిగా పని నేర్చుకున్నాడు, మగవాడిగానే బతుకుతున్నాడు. ఇక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన కూడబెట్టుకున్న ఆస్తి అదొక్కటే.

నేస్తం కూడా ఒక్కడే. లిఫ్ట్ నడిపే మనిషి. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కుతాడు కాబట్టి ఆసుపత్రంతా ఆయన్ని స్టూలు అనే పిలుస్తుంది. నోటికి తాళం లేదు. మేస్త్రీ కనిపిస్తే చాలు, "ఏం బావా! మా చెల్లెల్ని ఇస్తానంటే ఇంకెన్నాళ్లు తప్పించుకుంటావ్?" అని లిఫ్ట్ నిండా జనం ఉండగానే అందుకుంటాడు. "పోవయ్యా నువ్వూ నీ గోలా," అని మేస్త్రీ నవ్వేసేవాడు. కానీ ఆ 'బావా' అన్న పిలుపు కోసమే పనిలేకపోయినా రోజుకొకసారి అటు తిరిగి వచ్చేవాడు.

ఇద్దరివీ కాంట్రాక్టు కొలువులే. ఈ ఏడు ప్రభుత్వం కాంట్రాక్టు ఎత్తేసి పర్మనెంటు పోస్టులు వేసింది. లిఫ్ట్ మెకానిక్ పోస్టు ఒక్కటే ఉంది, అది ట్రాన్స్‌జెండర్ కోటాలోకి వెళ్లింది. చూడండి చోద్యం! మంచి పనే, కాదనను. ఇన్నాళ్లూ గుమ్మం తొక్కనివ్వని వాళ్లను లోపలికి రమ్మనడం చిన్న సంగతా? కానీ మేస్త్రీ ఆ గుమ్మం ఎక్కాలంటే, కడుపులో దాచుకున్నది నలుగురి ముందూ చెప్పుకోవాలి. చెప్పకపోతే నెలాఖరుకు చేతిలో పానా ఉండదు. కొన్నాళ్లు అన్నం సయించలేదు. చివరికి గుండె రాయి చేసుకుని దరఖాస్తు పెట్టాడు.

ఇంటర్వ్యూ రోజు వరండా బెంచీల నిండా ఆసుపత్రి జనమే. స్టూలు తన పోస్టు కోసం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మేస్త్రీ పక్కనే కూర్చున్నాడు. మేస్త్రీ ఏ ఎలక్ట్రీషియన్ పోస్టుకో వచ్చాడని ఆయన అనుకున్నాడు. అడగలేదు, మేస్త్రీ చెప్పలేదు.

అటెండరు తలుపు తీసి గొంతు చించుకున్నాడు. "లిఫ్ట్ మెకానిక్! ట్రాన్స్‌జెండర్ కోటా! ఎవరండీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

"మిమ్మల్ని కాదు మేస్త్రీ, మీరు కూర్చోండి," అన్నాడు అటెండరు ఎంతో మర్యాదగా.

ఆ మాట వినడానికే కదా ఆయన ఇంతకాలం బతికింది! ఒక్క క్షణం కూర్చుండిపోదామనిపించింది. నిజంగానే అనిపించింది.

స్టూలు ఆయన చొక్కా పట్టి లాగాడు. "కూర్చో బావా, చెవుడొచ్చిందా ఏంటి?" అని, నవ్వినవాళ్ల మీదికి లేచాడు. "ఎవడ్రా ఇకిలించేది? పొరపాటున లేచాడు, అంతే! మా బావ సంగతి నాకు తెలీదా?"

"పొరపాటు కాదు," అన్నాడు మేస్త్రీ. "వాళ్లు పిలిచింది నన్నే."

లోపల పెద్ద కష్టమేమీ కాలేదు. లిఫ్ట్ వేలాడే తీగతాడు అరిగితే ఎలా కనిపెడతావని అడిగారు, చెప్పాడు. ఆ కోటాలో వచ్చింది ఆయనొక్కడే, పని వచ్చినవాడూ ఆయనే. సోమవారం నుంచి చేరమన్నారు.

బయటికి వచ్చేసరికి స్టూలు అక్కడే ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"నా పెళ్లాంతో పడ్డ గొడవలు కూడా నీకే చెప్పుకున్నాను," అన్నాడు. "నాకొక్కడికైనా చెప్పలేకపోయావా?"

"చెప్తే బావా అనడం మానేస్తావని భయం వేసింది."

"మానేస్తానో లేదో చెప్పాల్సింది నేను. నా బదులు నువ్వే తేల్చేసుకుంటావా?"

మేస్త్రీకి ఏడుపు ముంచుకొచ్చింది. "సరే, ఇప్పుడు చెప్పు మరి," అన్నాడు.

"ఇప్పుడేం చెప్పను? ముందు నా కోపం తీరనీ," అని స్టూలు మొహం తిప్పుకున్నాడు. ఆయన్ని ఇంకా ఇంటర్వ్యూకి పిలవలేదు. పిలిచేదాకా మేస్త్రీ ఆయన పక్కనే కూర్చున్నాడు. స్టూలు పొమ్మనలేదు.