ఒంటి చెప్పు మేనత్త

కొత్తవాడల ఉండే మా మేనత్త బజారుకు రెండు చెప్పులతో పోయి, ఒక్కదానితో ఇంటికొచ్చేది. రెండోది ఎక్కడ జారిందో ఆమెకు తెలిసేదే కాదు. గల్లీలోళ్లే "అక్కా, నీ చెప్పు!" అని తెచ్చిచ్చేటోళ్లు.

"ధ్యాస ఏడ పెడ్తవే?" అని మామ ఒక్కటే తిట్టుడు.

అరవై దాటినంక దవాఖానల డాక్టరు స్కాన్ తీసి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నరు. నరాల జబ్బట. అందుకే కాలుకు స్పర్శ లేదట. నాకు ఏడుపొచ్చింది. మేనత్త మాత్రం కుర్చీల సక్కగ కూసొని, "సారూ, గా మాట జర మా ఆయన మొఖం చూసి ఇంకోపారి అనుండ్రి" అన్నది.

బయటికొస్తుంటే చెప్పు మళ్ల జారింది. మామ వంగి, ఆమె కాలు పట్టుకొని తొడిగిండు.

"మెల్లగ," అన్నది మేనత్త. "కాలుకు తెలుస్తలేదు గని, నాకు తెలుస్తాంది."