పారాచూట్ సంచికి పసుపు దారం

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు నాన్న దిద్దించారు, కుట్టు అమ్మ నేర్పింది. ఆ కుట్టు పుణ్యాన ఒక చలికాలమంతా విమానాల పక్కన కూర్చుని పనిచేశాను. హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి ఏడాది అది. కొత్తవలస దాటాక ఒక పాత రన్‌వే ఉండేది. ఇరవై నాలుగు మంది రెండు విమానాల్లోంచి దూకి, గాలిలోనే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వలయం కట్టాలని అక్కడ సాధన చేస్తున్నారు. మన వైపు అంతమంది ఎప్పుడూ కట్టలేదట. కడితే రికార్డు, రికార్డైతే నలుగురికీ తెలుస్తుంది, తెలిస్తే కిడ్నీ జబ్బులతో నలిగిపోతున్న మా ఉద్దానంలో డయాలసిస్ మిషన్లకు సాయం దొరుకుతుంది. అదీ వాళ్ళ ఆశ.

ఆ ఇరవై నాలుగు మందిలో మా ఆడపడుచు ఒకతె. మా మావగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. వారానికి రెండుసార్లు నౌపడలో ఆయన్ని రైలెక్కించి విశాఖ తీసుకెళ్ళి, సాయంత్రానికి భుజం మీద వాల్చుకుని తెచ్చింది ఆ పిల్లే. కాలేజీలో ఉండగా ఎన్‌సీసీ వాళ్ళు మొదటిసారి దూకించారు. తర్వాత పై రాష్ట్రానికి పోయి పూర్తిగా నేర్చుకుంది.

దూకేవాళ్ళ బట్టలకు చేతుల దగ్గర, కాళ్ళ దగ్గర దళసరి గుడ్డతో పట్టులు కుట్టాలి. గాలిలో పక్కవాళ్ళు వాటినే పట్టుకుంటారు. ఆ పనికి మా ఆడపడుచు నన్ను పిలిపించింది. పారాచూట్లు మడిచే పెద్దాయన, మిలిటరీలో చేసి వచ్చినవాడు, నా కుట్టు తిరగేసి చూసి మడతలకు కూడా సాయం ఉండమన్నాడు. అందరూ ఆయన్ని మాస్టారనేవారు. మొదటి రోజే నాకు ఒక మాట చెప్పాడు.

"అమ్మా, దేవుడికి దండం తర్వాత ఎట్టు. ముందు తాళ్ళు సూడు."

నేను తాళ్ళూ చూసేదాన్ని, దండమూ పెట్టేదాన్ని. ఒక్కో సంచి మూసేటప్పుడు ముఖలింగేశ్వరుణ్ణి మనసులో తలుచుకునేదాన్ని. ఈ చేతులకు ఇంత పని ఇచ్చావు, చాలు స్వామీ అనుకునేదాన్ని.

రికార్డుకు ఇంకా మూడు రోజులున్నాయనగా మా అత్త వచ్చింది, వీధిలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని. షెడ్డులో వరసగా పెట్టిన సంచులు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఓలమ్మ, ఇన్ని తాళ్ళేటే! ఇందులో ఏది లాగితే తెరుసుకుంటాది?"

నాకు వచ్చిన విద్య చూపించుకోవాలనిపించింది. మా ఆడపడుచు సంచి తిప్పి, కింద కుడి పక్కన చిన్న పిడి చూపించాను.

"ఇదత్తా. ఇది లాగితే పిల్ల గొడుగు బయటికొస్తాది. అది పెద్ద గొడుగుని లాగుతాది."

"అంతా దీని మీదే ఉన్నాదన్నమాట."

"అంతా దీని మీదే."

మా ఆడపడుచు నవ్వింది. "ఏటమ్మా, వదినతోపాటు నువ్వూ పన్లో సేరిపోతావేటి?"

"సేరితే ఏటే? నాను మడతెట్టిన సీర నువ్వెప్పుడైనా మడతెట్టినావా?"

మర్నాడు తెల్లవారుతూనే పూర్తి రిహార్సల్. మాస్టారు అన్ని సంచులూ ఒకసారి చూసి, గాలి ఎలా ఉందో కనుక్కోవడానికి వెళ్తూ నన్ను కాపలా పెట్టాడు. అప్పుడే అత్త వాళ్ళు పళ్ళెంతో వచ్చారు. పసుపు, కుంకుమ, శ్రీముఖలింగంలో పూజ చేయించి తెచ్చిన దారం. మా వైపు కొత్త ఆటో కొన్నా, ట్రాక్టరు కొన్నా పూజ చెయ్యందే తాళం తిప్పరు. మరి ఆకాశంలోంచి దించే సంచికి పూజ లేకుండా ఎలా?

వద్దనాల్సింది. వాళ్ళ ముఖాలు చూసి అనలేకపోయాను.

"నిమ్మకాయలొద్దు, నీళ్ళు సల్లొద్దు," అన్నాను. "బొట్టెట్టండి. దారం పైన భుజం పట్టీకే కట్టండి."

అంతలో ఎవరో చిరిగిన పట్టు తెచ్చి ఇస్తే, వాళ్ళకు వీపు పెట్టి మిషను ముందు కూర్చున్నాను.

పొద్దు పొడిచేసరికి అందరూ సంచులు తగిలించుకుని నడిచారు. విమానాల ఇంజన్లు మొదలయ్యాయి. షెడ్డు ముందు అత్త నా పక్కన నిలబడి చేతులు జోడించింది. ముఖంలో ఎంత నిశ్చింత!

"ఇంక బెంగ లేదే. అసలైన దగ్గరే కట్టీసినాను."

"ఎక్కడత్తా?"

"నువ్వే సెప్పినావు గదా, అంతా దాని మీదే ఉన్నాదని. ఆ పిడికీ తొడ పట్టీకీ కలిపి మూడు ముళ్ళేసినాను. జారకుండా."

చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. చెప్పు ఒకటి ఊడిపోయింది. అరుస్తున్నాను గాని నా గొంతు నాకే వినపడడం లేదు. మాస్టారు ఎదురొచ్చి నా రెక్క పట్టుకుని ఆపాడు.

"ఎక్కడికమ్మా! ఫ్యాను తిరగతన్నాది, సూడవేటి!"

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయన వెంటనే విమానాల వైపు తిరిగాడు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి పైలట్లకు చూపించాడు. ఇంజన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో అడిగాడు.

"ఎవరు కట్టినారు?"

"మా అత్త. కట్టనిచ్చింది నేను. ఎక్కడ కట్టాలో తెలిసేలా చెప్పింది కూడా నేనే."

మా ఆడపడుచు విమానం మెట్టు మీదనుంచి దిగింది. పైనుంచి చూస్తే దారం తొడ పట్టీకి చుట్టినట్టే ఉంది. అందుకే తగిలించుకునేటప్పుడు తనూ నవ్వి ఊరుకుందట. మాస్టారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని పిడి లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. పేటలు పేటలుగా పేనిన దారం గుడ్డలోకి దిగింది గాని తెగలేదు. నా మెడలో వేలాడుతున్న చిన్న కత్తెర అందుకుని ఆయనే కోశాడు.

"దూకేముందు ఇంకోపాలి సూస్తాం," అన్నాడు మెల్లగా. "కనపడేదేమో. కనపడకపోనూ వచ్చు." తర్వాత గొంతు పెంచాడు. "అందరూ దిగండి! అన్ని సంచులూ సూడాల."

"మాస్టారూ, తొమ్మిదైతే సముద్రం గాలి లేస్తాది," అన్నాడొకతను. "ఒక్కటే గదా, తీసేసినారు."

"గాలి రేపు తగ్గుతాది. దిగు."

ఇంకో రెండు దొరికాయి. వలయంలో మా ఆడపడుచుకు కుడి చెయ్యి పట్టుకునే అమ్మాయిది ఒకటి, ఎడమ చెయ్యి పట్టుకునే అబ్బాయిది ఒకటి. అత్తను అడిగితే తల వంచుకునే చెప్పింది: "దాని సెయ్యి పట్టుకున్నోళ్ళు బాగుండకపోతే అదెలాగ బాగుంటాది?"

చూడడం అయ్యేసరికి రన్‌వే పక్కన జెండా బిగుసుకుని కొట్టుకుంటోంది. ఆ రోజుకు దూకడం లేదన్నారు. మా ఆడపడుచు తల్లితో మాట్లాడలేదు. నాతో ఒక్క మాటే అంది.

"అమ్మకి తెలవదు. నీకు తెలుసు గదా వదినా."

ఆ మాట ఈ రోజుకీ నాతోనే ఉంది.

మధ్యాహ్నం అత్త అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. "నా సేత్తో నాను..." అని ఆగిపోయింది. గ్లాసులో నీళ్ళు పోసి ఆవిడ ముందు పెట్టాను. మనసులో స్వామికి దండం పెట్టుకున్నాను. చేసిన పని చెప్పుకోవాలన్న ఆవిడ మురిపెమే ముగ్గురినీ కాపాడింది. ఆ మురిపెం ఆవిడకు ఇచ్చినందుకు.

మర్నాడు పళ్ళెం లేదు, దారం లేదు. ఇరవై నాలుగు సంచుల్నీ మాస్టారు ఒకసారి, నేను ఒకసారి చూశాం. విమానాలు లేచాయి. అత్త షెడ్డు గోడకు ఆనుకుని నేలనే చూస్తూ కూర్చుంది.

"నాను సూడలేను. నువ్వు లెక్కెట్టు."

చుక్కల్లా రాలారు. దగ్గరకు జరిగారు. వలయానికి ఒక పక్క సందు ఉండిపోయింది. మాస్టారు దుర్భిణీ దించకుండానే "ఇద్దరందలేదు" అన్నాడు. ఒకరి మీద ఒకరు పడకుండా వేరువేరు ఎత్తుల్లో తెరవడానికి అందరూ విడిపోయారు. ఒకటి తెరుచుకుంది, నాలుగు, తొమ్మిది. నేను పైకి లెక్కపెడుతున్నాను. అత్త వేళ్ళు నా చీర చెంగును మెలి పెడుతున్నాయి. ఇరవై మూడు. మా ఆడపడుచుది నారింజ రంగు. అది కనపడలేదు.

"ఆగిపోయావేటే?"

ఎండ కళ్ళల్లో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మిగతావాటికన్నా కిందుగా, చెరుకు తోట మీద, నారింజ రంగు ఒక్కసారి విచ్చుకుంది.

"ఇరవై నాలుగత్తా."

అత్త అప్పుడు కూడా తలెత్తలేదు. కూర్చున్నచోటే నేలకు నుదురు ఆనించింది.

అరగంటకు గుడ్డలన్నీ మోపులుగా షెడ్డుకు చేరాయి. మధ్యాహ్నం లోపు మళ్ళీ ఎక్కాలి. ఆ పైన నాలుగో రోజుకు గాని వలయం నిండలేదు, అది తర్వాతి మాట. నేను నారింజ రంగు పారాచూట్ పరిచి తాళ్ళు చిక్కు తీస్తున్నాను. గాలికి అంచు లేచిపోతోంది. అత్త దూరంగా నిలబడి, చేతులు వీపు వెనక దాచుకుని చూస్తోంది.

"అత్తా, ఈ కొస పట్టుకోవా?"

"నానా? వద్దే తల్లీ. నన్నేటీ ముట్టుకోనియ్యకు."

మాస్టారు పక్క బల్ల దగ్గర నుంచి తలతిప్పకుండానే అన్నాడు. "పట్టుకోమ్మా. మడత మీ కోడలేస్తాది, నాను సూస్తాను."

అత్త చేతులు రెండూ చీరకు తుడుచుకుంది. వచ్చి కూర్చుని ఆ కొస పట్టుకుంది. నేను చివరి మడత వేసేదాకా కదల్లేదు.