భద్రయ్య బాపు ఒప్పుకోని జిల్లాలు

మా ఓనర్ భద్రయ్య బాపు కొత్త జిల్లాలను ఒప్పుకోలేదు. సర్కారు ఒప్పుకున్నది, పేపరోల్లు ఒప్పుకున్నరు, ఫోన్ల మ్యాపు సుత ఒప్పుకున్నది. బాపు ఒక్కడే ఒప్పుకోలేదు. ఆయన లెక్కల వరంగల్ జిల్లా ఎట్లుండెనో అట్లనే ఉన్నది. జిల్లాలు చీల్చిన ఆ దసరా నాడు ఎవరో పనిలేక గీతలు గీసిండ్రు, వానకు కొట్టుకపోతయి. ఎన్ని వానాకాలాలు పోయినయో ఆయనను అడిగే ధైర్యం ఎవరికున్నది?

నేను చెల్పూర్ బడికి టీచర్‌గా వచ్చి, కిరాయి ఇంటికోసం ఆయన గేటు కొట్టిన.

"ఏ జిల్లా బిడ్డా?"

"జనగామ."

"జనగామ రైలు టేషన్. నేను జిల్లా అడిగిన."

"జనగామనే జిల్లా బాపూ."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, గేటు బయట నిలబడి నేనే పాఠం అప్పజెప్పిన. చివరికి "వరంగల్" అన్న. మొఖం వెలిగిపోయింది. "గట్ల చెప్పు, మన పిల్లనే. వసంతా, చాయ్ పెట్టు." నా పేరు పద్మలత అని చెప్పేలోపలనే మీది పోర్షన్ల ఒక అర్ర తాళంచెవి చేతిల పెట్టిండు. మన జిల్లోల్లకు తప్ప ఆయన కిరాయికియ్యడని వాడంతా తెలుసు.

ఆయన బాధ సుత బాధనే. పుట్టింది నర్సింహులపేట, అది మహబూబాబాద్ జిల్లాకు పోయింది. చెల్పూర్ కరెంటు ప్లాంటుల చేసి, రిటైరై ఇక్కడనే ఇల్లు కట్టిండు, ఇది భూపాలపల్లి జిల్లా అయింది. అత్తగారిల్లు మా జనగామ. "నేను కుర్చీలకెల్లి లేవనే లేదు. కూసున్నకాడనే మా ఊరు ఒకదిక్కు, అత్తగారూరు ఒకదిక్కు పాయె. గిదేం ఇన్సాఫ్?" అంటడు.

వసంతమ్మ ఊకుంటదా? "ఎన్నడన్న మా తల్లిగారింటికి తీస్కపోతె గదా, దగ్గరైందో దూరమైందో తెలిసేది."

వరంగల్ రూరల్ జిల్లాను వట్టి వరంగల్ అని మార్చిన్నాడు బాపు వాడంతా జిలేబి పంచిండు. "దారికొస్తున్నరు" అని. అంతకుముందు భూపాలపల్లిలకెల్లి ములుగు విడిపోయిన్నాడు ఇంకా ఖుషీ. "చూసినవా, కొత్త అంగి అప్పుడే చినిగె." ఆయన స్కూటర్ మీద పాత వరంగల్ జిల్లా ముప్పై ఆరు నంబరే ఉన్నది. అది స్టార్టు గాక ఎన్నో ఏండ్లాయె. అయినా రోజూ తుడుస్తడు, మొదలు నంబరు ప్లేటే తుడుస్తడు. పార్సిల్ పిల్లగాడు అడ్రస్ అడిగితె ఫోన్ గుంజుకొని "వరంగల్ జిల్లా" అంటడు. నా బతుకమ్మ చీర వరంగల్ పోయి, పండుగ ఒడిసినంక ఇల్లు చేరింది. తిట్టబోతె, "జిల్లా చూసొచ్చింది, మంచిదే గదా" అన్నడు.

పోయినేడు ఖమ్మమాయన ఒక ఇంజినీరు నా పక్క అర్ర అడిగిండు. "ఖమ్మమోల్లకు ఇయ్య" అని వాకిట్లకెల్లే పంపిచ్చిండు. నాకు మస్తు కోపమొచ్చింది. మనిషి మంచోడే, గీ పిచ్చేంది అనుకున్న.

మొన్న ఎండకాలం, ఒక తల్లీబిడ్డ గేటు కాడ నిలబడ్డరు. తల్లి మున్నవర్ బేగం, బిడ్డ అమ్రీన్. పిల్లకు భూపాలపల్లిల నర్సు నౌకరి దొరికింది, పొద్దున్నే డ్యూటీల చేరాలె. పేర్లు వినంగనే, టు-లెట్ బోర్డు కిందనే నిలబడి "ఖాళీ లేదు" అన్నరట వాడంతా. మొదలు అన్నది పక్కింటి భిక్షపతే. ఇల్లు దొరకకుంటె పిల్లను వాపస్ తీస్కపోత అని తల్లి అంటున్నది. పిల్ల కండ్లల్ల నీళ్లు ఆపుకుంటున్నది.

"ఏ జిల్లా బిడ్డా?" అన్నడు బాపు.

వరంగల్ అను తల్లీ అని కండ్లతోని సైగ జేసిన. పిల్ల చూస్తె గదా.

"గార్ల, అంకుల్."

గార్ల అప్పట్ల ఖమ్మం జిల్లా. గోడమీదికెల్లి భిక్షపతి తలకాయ లేసింది. "గార్ల అంటె ఖమ్మం గదా భద్రయ్యా. నీ రూలు నీకు యాదికి లేదా?"

బాపు గడ్డం గోక్కున్నడు. స్కూటర్ దిక్కు చూసిండు. వసంతమ్మ దిక్కు చూసిండు. తర్వాత పిల్లను అడిగిండు: "ఇప్పుడు గార్ల ఏ జిల్లాల ఉన్నది?"

"మహబూబాబాద్."

"నర్సింహులపేట?"

"అది గూడ మహబూబాబాదే అంకుల్."

"విన్నవా భిక్షపతి? ఈమె మా మహబూబాబాద్ జిల్లా పిల్ల."

వసంతమ్మ చేతిల చాటలకెల్లి బియ్యం కింద పడ్డయి. ఆ జిల్లా పేరు ఆ నోట్లకెల్లి ఇన్నేండ్లల్ల వచ్చుడు ఇదే మొదలు.

"ఆ జిల్లానే లేదంటివి గద?" భిక్షపతి నోరు తెరిచిండు.

"లేకుంటె ఆ కలెక్టరు ఎక్కడ కూసున్నట్టు? సర్కారు చేసిన జిల్లాను కాదంటానికి నువ్వెవనివయ్యా? జర అదబ్ నేర్చుకో. వసంతా, చాయ్ పెట్టు."

ఆ పొద్దు వంటింట్ల వసంతమ్మ నవ్వుకుంట నాకు చెప్పింది. "ఆ ఇంజినీరు లేడా, నేను ముసురు రోజు బట్టలు తీస్తుంటె 'ఏయ్ ముసలీ' అని పిలిచిండు. అందుకే ఖమ్మమోడైండు. ఈయన మొదలు మనిషిని చూస్తడు, వెనుకకెల్లి జిల్లా వెతుకుతడు. నాకు తెల్వదా?"

మర్నాడు నేను ఆటపట్టిచ్చిన. "బాపూ, మొత్తానికి కొత్త జిల్లాలు ఒప్పుకున్నట్టేనా?"

"ఎవడన్నడు? ఇల్లంత వరంగల్ జిల్లానే. మీద ఆ పిల్ల అర్ర ఒక్కటే మహబూబాబాద్."

మారిండనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్న. నెల తిరగకముందే ఒకనాడు పొద్దుగూకంగ భిక్షపతి మల్ల వచ్చిండు. "ఆ పిల్ల యాళ్లాపాళ్లా లేకుండ వస్తున్నది, పోతున్నది. డ్యూటీ అంటున్నది. ఏందో కథ, మీదికి పోయి అడుగుత" అనుకుంట మెట్లెక్కబోయిండు.

బాపు కుర్చీని మెట్లకు అడ్డంగ గుంజుకొని, కాలుమీద కాలేసుకొని కూసున్నడు.

"అది మహబూబాబాద్ జిల్లా వ్యవహారం భిక్షపతీ. మనం వరంగలోల్లం. పక్క జిల్లాల మనం వేలు పెట్టొద్దు."