గోడ మీద ఆకుపచ్చ తువ్వాలు

పోయిన నెల ఒక మంగళవారం, నీళ్ళొచ్చే రోజు, పక్కింట్లోంచి బిందెల చప్పుడు రాలేదు. పెద్దమ్మ ఇంకా లేవలేదేమిటా అని గోడ దగ్గరికి వెళ్ళాను. అటువైపు పెదనాన్న నిలబడి ఉన్నారు. “మీ పెద్దమ్మ పోయింది బిడ్డా. నిద్రల్నే పోయింది,” అన్నారు. ఆయన చేతిలో నీళ్ళ పైపు అలాగే ఉంది.

నాచారంలో మా సందులో అందరికీ ఆమె పెద్దమ్మే. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళది జనగామ వైపు. పెదనాన్న మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మాది గోదావరి వైపు, నాన్న రైల్వే ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చి పడేసింది. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ.

తొమ్మిదేళ్ళ క్రితం నాకు ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయి. ఒళ్ళు నొప్పులంటే జనం నవ్వుతారు, నాకు తెలుసు. పొద్దున లేస్తే ఎవరో రోకళ్ళతో దంచినట్టుండేది. భుజం మీద హ్యాండ్‌బ్యాగు పట్టీని కూడా ఓర్చుకోలేకపోయేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మర్చిపోయేదాన్ని. పరీక్షలన్నీ నార్మల్. చివరికి ఒక డాక్టరు ఫైబ్రోమయాల్జియా అన్నారు. హమ్మయ్య, పేరైనా దొరికిందని సంబరపడ్డాను. మా ఇంట్లోవాళ్ళు మాత్రం “రిపోర్టుల్లో ఏమీ లేదుగా” అనే పాట మానలేదు. నమ్మింది పెద్దమ్మ ఒక్కతే.

“గంత పెద్ద పేరు నా నోట్ల తిరగది. నేనైతే సుట్టమంట. ఒస్తది, ఉంటది, పోతది,” అంది.

మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు, ఒక గంట. ఒకరోజు సగం నిండిన బకెట్టు చేతిలోంచి జారిపోయి, నేను గచ్చు మీద కూర్చుని ఏడుస్తుంటే ఆమె చూసింది. సాయం అడగడమంటే నాకు నామోషీ. అది కనిపెట్టినట్టుంది, నా దండెం మీది ఆకుపచ్చ తువ్వాలు లాగి గోడ మీద వేసింది.

“బాగలేని దినం గిది గోడ మీద ఎయ్యి. నోరు తెర్వకు. నాకు సమజైతది.”

అప్పటినుంచి తువ్వాలు కనపడితే గోడ మీంచి పైపు వచ్చేది. డ్రమ్ము నిండేది. పైపు వెనక్కి పోయేది. ఎలా ఉందని అడిగేది కాదు. ఆ ప్రశ్న వినకుండా ఉండడం ఎంత సుఖమో, చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా ఈ జబ్బుంటే వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అలాగని ఆమె మాటకారి కాదనుకునేరు. “మీరు అండీ అనకుంట నీళ్ళు గూడ తాగరా?” అని నన్ను ఏడిపించేది. కారం తింటే నొప్పులు పారిపోతాయని ఆమె నమ్మకం. సర్వపిండిలో పచ్చిమిర్చి దట్టించి పంపేది. నొప్పి ఎక్కడికీ పోలేదు కానీ, కడుపు మాత్రం భగ్గుమనేది.

నాలుగేళ్ళ తర్వాత నొప్పి పోయింది. ఐదేళ్ళు దాని జాడే లేదు. పోయిన కొత్తలో నేను సందంతా మైసూర్‌పాక్ పంచి, ఆ తువ్వాలుని చెత్తబండిలో పడేయబోయాను. పెద్దమ్మ లాక్కుంది.

“సుట్టం పోతే తలుపేస్కో. సాప పారెయ్యకు.”

నాకు ఒళ్ళు మండింది. బాగుపడ్డ మనిషితో అనే మాటలా అవి? రెండు వారాలు మొహం చాటేశాను. ఆమెకు చీమ కుట్టినట్టైనా లేదు, సర్వపిండి వస్తూనే ఉంది.

ఈ వానాకాలం నొప్పి మళ్ళీ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మిఠాయి పంచినదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను? రిపోర్టుల పాట మళ్ళీ వినే ఓపిక లేదు. పళ్ళ బిగువున బకెట్లు మోశాను. మూడో రోజు పెద్దమ్మ గోడ అవతలినుంచి నా జుట్టు వంక చూసింది. చేతులు పైకి లేవక నేను జడ వేసుకోవడం మానేశాను. ఆమె లోపలికి వెళ్ళి, బీరువా వాసన వేస్తున్న ఆ ఆకుపచ్చ తువ్వాలు తెచ్చి, తనే గోడ మీద పరిచింది.

“మళ్ళీ మొదటికొచ్చింది పెద్దమ్మా,” అన్నాను. ఏడుపు ఆగలేదు.

“మొదటికెట్లొస్తది? అప్పుడు నీకు దాని పేరు తెల్వది, నాకు తువ్వాల తెల్వది. ఇప్పుడు ఇద్దర్కి ఎర్కే. ఏడ్సుడు అయినంక డ్రమ్ము మూత తియ్యి.”

అప్పుడు చెప్పాను గదా అని మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట అననందుకు ఆమెకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

కర్మకాండ అయిపోయిన తర్వాత ఒక నీళ్ళ రోజున నా వేళ్ళు ముడుచుకోలేదు. బకెట్టు పట్టుకోబోయి వదిలేశాను. ఇక తువ్వాలు ఎవరి కోసం వేయాలి? పెదనాన్న ఇన్నేళ్ళలో నా జబ్బు గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఆయనకి తెలుసో లేదో, తెలిసినా నమ్మారో లేదో. అయినా దాచుకుంటే పెద్దమ్మ తిట్టేదనిపించింది. తువ్వాలు గోడ మీద వేసి మెట్టు మీద కూలబడ్డాను.

కాసేపటికి గోడ మీంచి పైపు వచ్చింది. మెలికలు తిరిగి, నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది. వెనకాల పెదనాన్న.

“అయ్యో, మీరెందుకండీ?” అన్నాను.

“ఎందుకేంది? తువ్వాల గనబడ్డది గద.” పైపు కొసని డ్రమ్ము వైపు తోశారు. “పైపు గోడెక్కిచ్చింది ఆమెనే గని, ఇన్నేండ్లు నల్లకాడ ఊడకుంట పట్టుకున్నది నేనే బిడ్డా. మూత తియ్యి.”

మూత తీశాను. గోడ మీంచి చూస్తే వాళ్ళ కుళాయి కనిపించింది. ఇప్పుడు పట్టుకునేవాళ్ళు లేరు గనక, పైపు ఊడకుండా పెద్దమ్మ పాత చీర అంచుతో గట్టిగా కట్టి ఉంది.