ఏటవాలులో మాస్టారి కారు

చరిత్రకారులు యుద్ధాలే రాసుకున్నారు గాని, రిటైరైన లెక్కల మాస్టారు రోజూ పొద్దున కారు స్టార్టు చేసే ఘట్టాన్ని ఎవరూ గ్రంథస్థం చేయలేదు. ఆయన ఇంటి ముందు వీధి ఏటవాలు. ముక్కు పైకెత్తి నిలబడ్డ కారులో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, తాళం తిప్పుతారు. ఇంజను దగ్గుతుంది, మూలుగుతుంది, బతిమాలగా బతిమాలగా లేస్తుంది. ఈ జబ్బుకు ఆయన బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు, చివరికి మెకానిక్కునే మార్చారు. పెట్రోలు ముల్లు ఇంటి దగ్గర ఎప్పుడూ సగం చూపించేది. బజారులో చదును రోడ్డెక్కగానే అడుక్కి దిగితే, ముల్లుకు మతి చలించిందని తీర్మానించారు.

ఆ రోజు ఆయన భార్య చెల్లెలికి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లేలోగా వచ్చి చెయ్యి పట్టుకుంటానని అక్కగారు మాటిచ్చింది. కారు ఎంతకీ లేవలేదు.

"టాక్సీ పిలవనా?" అందావిడ.

"ఉండవోయ్, దీని మనసు నాకు తెలుసు."

"నా మనసు కూడా కాస్త తెలుసుకోండి. అక్కడ చెల్లి గుమ్మం వైపే చూస్తుంటుంది."

మాస్టారి చెయ్యి తాళం మీద ఆగింది. బ్రేకు వదిలి, కారును మెల్లగా వెనక్కి, వీధి చివరి చదును దాకా జారనిచ్చారు. అక్కడ తాళం తిప్పగానే ఇంజను బుద్ధిగా లేచింది. చెల్లెలి చెయ్యి వేళకే అక్క చేతికి అందింది.

తర్వాత బంకులో పైపు పట్టుకున్న మనిషి, "ఏం సార్, ఇన్నాళ్లూ గాలితో నడిపారా?" అన్నాడు. ఇంటి ముందు ఏటవాలులో, ఉన్న కాస్త పెట్రోలూ ట్యాంకు వెనక్కి చేరి ముల్లును లేపేది, ఇంజనుకు అందేది కాదు. ముల్లు మతి బాగానే ఉంది. ట్యాంకులో పెట్రోలు లేదు.