నా కొడుకు వాసన

దయ్యాలంటే నాకు నవ్వు. నర్సుని కదా, శవాన్ని సర్ది, చేతులు కడుక్కుని టిఫిన్ తిన్న రోజులున్నాయి. వార్డులో ఎవరైనా తెల్లచీర కథ ఎత్తుకుంటే "చాల్లే తల్లీ, ముందు ఆ సెలైన్ చూడు" అని నోరు మూయించేది నేనే. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, లోపల దాచుకోలేకే.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు నేను కడుపుతో ఉన్నాను. నాకూ వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. స్పిరిట్, ఫినాయిల్, ఇక్కడ బెంగళూరు మడివాళ మార్కెట్లో మల్లెపూలు, మురిక్కాలవ, నాకు అన్నీ ఒకటే.

బాబు పుట్టాడు. పసిబిడ్డ మాడు మీద ముక్కు ఆనిస్తే పడ్డ నొప్పులన్నీ మరిచిపోతావని అందరూ చెప్పారు. ఆనించాను. ఏమీ లేదు. గోడకు ఆనించినట్టే ఉంది. పాలిచ్చాను, బరువు చూశాను, టెంపరేచర్ చూశాను, డ్యూటీలో ఎవరి బిడ్డనో చూసుకున్నట్టు. వీడు నావాడు అని మాత్రం అనిపించలేదు. ఎవరికి చెప్పుకోను? నేను తల్లిని కాలేకపోతున్నానని బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

సాయానికి ఒంగోలు నుంచి అమ్మ వచ్చింది. నాన్న మొదటి కరోనాలోనే పోయాడు. అప్పటినుంచి అమ్మకు గాలంటేనే భయం. ఊరంతా మాస్కులు తీసేసినా సరే, ఎదురింట్లో ఎవరైనా దగ్గితే మా కిటికీలు మూతపడేవి. సందుల్లో పాత చీర గుడ్డలు కుక్కేది. "గాల్లోనే ఉంటదే అది. మీ నాయన్ని తీసుకుపోయింది చాలదా?" అనేది. తిట్టాను, బతిమాలాను, వినలేదు. నేను డ్యూటీలో చేరాక బాబు స్నానం, సాంబ్రాణి పొగ అన్నీ అమ్మే చూసుకునేది.

వానాకాలం, పగటిపూట. మాస్కు పెట్టుకుని ఒక పెద్దాయనకు కట్టు మారుస్తున్నాను. ఉన్నట్టుండి వాసన వచ్చింది.

పులిసిన పాలు, సున్నిపిండి, కాస్త చెమట. అన్నాళ్ల తర్వాత నాకు తెలిసిన మొదటి వాసన. అది నా కొడుకు వాసన. ఎవరూ చెప్పక్కర్లేదు, తెలిసిపోయింది. ఒళ్లంతా పులకరించింది. "ప్రభువా, ప్రభువా" అంటూ ఆ పెద్దాయన ముందే ఏడ్చేశాను.

అంతలోనే పలచబడసాగింది. ఎవరో వాణ్ణి ఎత్తుకుని దూరంగా నడిచిపోతున్నట్టు. అప్పుడు భయమేసింది. అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇన్‌చార్జి సిస్టర్‌కు ఏం చెప్పానో గుర్తు లేదు, ఆటో ఎక్కేశాను.

వాకిట్లో మా ఇంటి ఓనరమ్మ బట్టలు తీస్తోంది. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగావిడ.

"ఏమ్మా, ఇంత బేగ వచ్చినావు? మీయమ్మ, పిల్లోడు లోపలే ఉండారు. పండుకోనుండారేమో" అంది.

ఎంత కొట్టినా తలుపు తీయలేదు. ఆవిడ దగ్గరున్న తాళంచెవితో తీశాం.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మంచం పక్కన సాంబ్రాణి మూకుట్లో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. గది వెచ్చగా ఉంటుందని అమ్మ వాటిని అలాగే ఉంచేసింది. తను నేల మీద పడి ఉంది. మంచం మీద బాబు కదలడం లేదు. వాణ్ణి పట్టుకుని బయటికి పరుగెత్తాను. ఓనరమ్మ, ఆటో ఆయన కలిసి అమ్మను లాక్కొచ్చారు.

"ఒరే నా కొడకా, ఏడవరా!" అని వీధంతా వినబడేలా అరిచాను. వాణ్ణి అలా పిలవడం అదే మొదలు. ఏడ్చాడు.

ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు, ఇద్దరూ బతికారు. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చిన విషవాయువు అన్నారు. దానికి అసలు వాసనే ఉండదు. అమ్మ ఇప్పుడు కిటికీలు తనే తెరుస్తుంది.

కరోనా తర్వాత కొందరికి లేని వాసనలు తెలుస్తాయని ముక్కు డాక్టరు చెప్పాడు. కావచ్చు. నేనూ పేషెంట్లకు అదే చెబుతాను. ఆ రోజు తర్వాత నాకు మళ్లీ ఏ వాసనా తెలియలేదు. కానీ అంతకుముందు నేను వాడి వాసన ఒక్కసారి కూడా ఎరగను. మరి అది వాడిదేనని ఎలా తెలిసింది? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు. గుర్తొచ్చినప్పుడల్లా చేస్తున్న పని ఆపి అలా నిలబడిపోతాను.