ఒక్క ముద్ద మాస్టారు

మా కుట్టు కార్ఖానాలో కటింగ్ మాస్టారికి ఒకటే జబ్బు. ఎవరి డబ్బా మూత తీసినా ఆయన చెయ్యి అందులో పడాల్సిందే. "ఒక్క ముద్ద!" అంటూనే సగం ఖాళీ చేసేవారు. దాంతో ఆయన పేరే ఒక్క ముద్ద మాస్టారు అయిపోయింది.

కాజాలు కుట్టే అక్క కేకు తెచ్చుకుంటే సగం మాయం. ఇస్త్రీ అన్నయ్య చిప్స్ పొట్లం విప్పీ విప్పకముందే తేలికయ్యేది. కాలర్లు కుట్టే నేను డబ్బాకి మోచెయ్యి అడ్డం పెట్టుకుని తినేవాణ్ణి.

"అక్కకి షుగరు, అన్నయ్యకి బీపీ. నీ నడుం రెండంగుళాలు పెరిగింది, టేపక్కర్లేదు, కంటికే తెలుస్తోంది," అనేవారు మాస్టారు. "మరి మీ షుగరు సంగతో?" అంటే వినబడనట్టు కత్తెర ఆడించేవారు. అన్నీ తిండిపోతు సాకులని నవ్వుకునేవాళ్లం.

ఆయన చెయ్యి పడని డబ్బా ఎంబ్రాయిడరీ అమ్మాయిది ఒక్కటే. అది నిండుగా వచ్చి నిండుగానే వెళ్లేది. లావైపోతానని ఆ పిల్లకి భయం. ఒకరోజు మిషను మీదే కళ్లు తిరిగి పడిపోయింది. సూది వేలికి వెంట్రుకవాసిలో తప్పింది. ఇది మొండితనం కాదు, జబ్బేనని, తినడం మొదలుపెట్టకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మూత తియ్యని డబ్బా ముందు కూర్చుంది. మాకెవరికీ ముద్ద దిగలేదు. తినమంటే లేచి వెళ్లిపోతుందేమో! అంతలో మాస్టారు తన డబ్బాతో వెళ్లి ఆమెకి ఎదురుగా కూర్చున్నారు. ఏమంటారోనని నేను సగం లేచాను. ఆయన నోటికి హద్దూ అదుపూ లేదు మరి.

"అమ్మడూ, మందులు మింగి మింగి నా నాలిక మొద్దుబారింది. ఇందులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పవా? ఒక్క ముద్ద."

ఆమె ఆయన డబ్బా వంక చూసింది. చాలాసేపటికి చిటికెడు నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగుతుందా, ఉమ్మేస్తుందా?

"అసలు ఉప్పే లేదు మాస్టారూ."

"అలాగా! మరి నీ దాంట్లో ఉందేమో చూడు."

ఆమె మూత తీసింది.

అప్పట్నుంచీ డాక్టరు వైద్యం ఒకవైపు, మాస్టారి వంట ఒకవైపు. ఓరోజు ఉప్పుండదు, ఓరోజు ఉప్పెక్కువై నోట పెట్టలేం. కొన్నాళ్లు ఆమె ఒక్క ముద్దతోనే ఆగిపోయేది. ఆయన ఇంకో ముద్ద తినమనేవారు కాదు. కటింగులో నూలుపోగంత తేడా రాని మనిషికి ఉప్పు కొలత తప్పడమేమిటో నాకు నెల తర్వాత గానీ వెలగలేదు. వెలిగాక, ఆయనకి అడ్డం పెట్టిన నా మోచెయ్యి తలుచుకుని సిగ్గేసింది.

నాలుగు నెలలు గడిచాయి. ఓ మధ్యాహ్నం మాస్టారు అక్క కేకులో సగం పట్టుకుని మూలకి జారుకుంటుంటే ఎంబ్రాయిడరీ అమ్మాయి అడ్డంగా నిలబడింది.

"మీకూ షుగరే కదా మాస్టారూ? ఇలా ఇవ్వండి."

లాక్కుంది. కేకు వంక చూస్తూ నిలబడిపోయింది. కళ్లు మూసుకుని కొరికింది.

మాస్టారు తన ఖాళీ చేతుల వంక దిగులుగా చూసుకుని అడిగారు.

"ఉప్పు సరిపోయిందా?"